ఆమె మొహం మీద నా పేరు

పేరు చెప్పుకోలేని మాట అనకూడదని మా ఇంట్లో నియమం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేరాడు. ఆదివారం డ్యూటీ లేకపోతే, గోళ్లలో గ్రీజు ఉండగానే, రైల్వే కాలనీలో తెలుగు సంఘం గదికి వెళ్లి వాదసభ నడిపేవాడు. ముహూర్తాలు, జాతకాలు, జంతుబలి, వితంతువుల బొట్టు, ఏదో ఒక విషయం తీసుకునేవారు. సభకి నియమాలు రెండే. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలి. ఖండించేవాడు లేచి నిలబడి, తన పేరు చెప్పి ఖండించాలి. గోడలకి అంటించే పేరులేని కాగితాలంటే ఆయనకి అసహ్యం. "పేరెట్టనోడు తన మాటని తనే నమ్మడు" అనేవాడు.

నాకు రెండో నియమం బాగా ఒంటబట్టింది. మొదటిది అంత కాదు. ఆ సంగతి తెలిసేసరికి నాకు యాభై దగ్గరపడింది, ఒక ఆడమనిషి బతుకుతెరువు నా మూలాన గాలిలో వేలాడింది.

నేను డ్రాయింగ్ ఆఫీసులో చేరాను. వంతెనలు, కల్వర్టులు, ప్లాట్‌ఫారాల నక్షాలు గీసే పని. ప్రతి నక్షాకి కుడివైపు కింద మూలన ఒక పెట్టె ఉంటుంది. గీసినవాడు ఎవరు, సరిచూసినవాడు ఎవరు, ఆమోదించినవాడు ఎవరు అని మూడు గళ్లు. ఆ గళ్లు నిండకపోతే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు, ఒక్క ఇటుక కూడా పేర్చరు. పాతికేళ్లు ఆ గడిలో సంతకం పెట్టిన చెయ్యి నాది. అందుకని డిజిటల్ కెమెరా కొనుక్కుని, ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని, ఫొటోలు పంచుకునే ఒక వెబ్‌సైటులో నా బొమ్మలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు, ఫొటో మీద పేరు వేయాలా వద్దా అనేది నాకు ప్రశ్నే కాదు.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది వెయ్యలేదు. ఎలా వెయ్యాలో తెలియక. ఆ అజ్ఞానానికి శిక్ష మా ఊళ్లోనే కుదుదండ్ పేటలో ఒక క్షవరం దుకాణంలో పడింది. మెడ చుట్టూ గుడ్డ కట్టి, గడ్డానికి నురగ రాసి, కత్తి పెట్టబోతుండగా ఎదుటి గోడ మీద క్యాలెండరు చూశాను. అర్పా నది, సగం మునిగిన రాళ్లు, వంతెన మీద గూడ్సు. నా ఫొటో. నేను తెల్లవారకముందే లేచి, మోకాలిలోతు బురదలో నిలబడి తీసిన ఫొటో. దాని కింద హిందీలో, శనిదోషానికి ఏ రాయి ఏ వేలికి పెట్టుకోవాలో రాసి ఉంది. ఉంగరాలమ్మే జ్యోతిష్కుడి క్యాలెండరు! లేవబోతే మంగలి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "హిలియే మత్ సాబ్" అన్నాడు. కత్తి గొంతు మీద ఉంది. కదలకుండా కూర్చుని, గడ్డం పూర్తయ్యేదాకా నా నది మీద శనిదోషం చదివాను.

ఆ సాయంత్రమే వాటర్‌మార్క్ వెయ్యడం నేర్చుకున్నాను. ఫొటో మీద నీటిలో తేలినట్టు, వెనకది కనబడేట్టు మన పేరు వేసుకోవడం. మొదట అలవాటు కొద్దీ కుడివైపు కింద మూలన వేశాను. మూల కత్తిరించేసి వాడుకున్నారు. అప్పుడు పేరుని పెద్దది చేసి, ఫొటో మధ్యకి తెచ్చాను. బొమ్మలో ముఖ్యమైనది ఎక్కడుంటే అక్కడ, దాని మీదుగా. ఇక కత్తిరించాలంటే బొమ్మనే చంపుకోవాలి.

ఈ పని నచ్చనివాడు ఒక్కడే. సీపత్ పవర్ ప్లాంటులో ఇంజనీరు, తెలంగాణ మనిషి, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. అతనికీ కెమెరా పిచ్చి ఉంది. ఆదివారం సభకి మోటారుసైకిలు మీద వచ్చేవాడు. అప్పటికి మా నాన్న లేడు. సభకి వచ్చేది ఎనిమిది మందో తొమ్మిది మందో. కాలనీ పిల్లలు వచ్చినా తెలుగు చదవలేక, బోర్డు మీద ఏం రాశారో హిందీలో చెప్పమని అడిగేవారు. ఒక ఆదివారం నేనే బోర్డు మీద రాశాను: "సరదాకి ఫొటోలు తీసేవాళ్లు వాటి మీద పేరు వెయ్యాలా?"

"స్టీలు గిన్నె మీద పేరు కొట్టిచ్చినట్టుంది సార్ మీ ఫొటో" అన్నాడు ఇంజనీరు. "పప్పు రుచి చూద్దామంటే గిన్నెది ఎవరో చదవాల్సి వస్తుంది."

"గిన్నె మీద పేరెందుకు కొట్టిస్తారు? పక్కింటికి పోయినా తిరిగి రావాలని."

"పోనీయండి సార్. గిన్నె పోతే ఇంట్ల గిన్నె తక్కువైతది. ఫొటో పోతే ఏం తక్కువైతది? మీ కాడ ఉన్నది మీ కాడనే ఉంటది."

"నా బొమ్మ కింద శనిదోషం ఉంటే తక్కువవడం కాదా?"

"జ్యోతిష్కుడు చెడ్డోడైతే నదిదేం తప్పు?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. లేచి నిలబడి, పేరు చెప్పి, ముప్పావుగంట మాట్లాడాను. ఫొటో కూడా ఒక వాంగ్మూలమేనని, నేను ఇది చూశాను అని చెప్పడమేనని, సంతకం లేని వాంగ్మూలం పుకారుతో సమానమని అన్నాను. పేరు వెయ్యడం గర్వం కాదు, బాధ్యత అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఇంజనీరు మాత్రం వెళ్తూ వెళ్తూ హెల్మెట్ పెట్టుకుంటూ ఒక మాటన్నాడు. "అన్నీ మీ దిక్కునుంచే చెప్పిన్రు సార్. బొమ్మ దిక్కునుంచి ఎవరూ మాట్లాడలే." నేను దాన్ని చమత్కారం కింద కొట్టిపారేశాను.

ఆ వేసవిలోనే మా వాళ్ల అమ్మవారి పండగ వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబాలు తమ వెంట తెచ్చుకున్న పండగ అది. పసుపు రాసి వేపమండలు కట్టిన ఘటాన్ని తల మీద పెట్టుకుని, డప్పులతో ఇంటింటికీ తిప్పి, చివరి రోజు మధ్యాహ్నం లాల్‌ఖదాన్ వైపు పట్టాల పక్కన ఉన్న గుడి నుంచి అమ్మవారిని సాగనంపుతారు. నేను ఏటా కెమెరా పట్టుకుని వెళ్లేవాణ్ణి. దండం పెట్టడానికి కాదు. మూఢత్వానికి సాక్ష్యం సేకరించడానికి.

ఆ ఏడు సాగనంపే వేళ డప్పు జోరందుకున్నాక గుంపు అంచున నిలబడిన ఒక ఆడమనిషికి పూనకం వచ్చింది. నాకు తెలిసిన మనిషే. మా వరసలోనే నాలుగు క్వార్టర్ల అవతల ఉండేది. ఆమె భర్త పట్టాలు చూసే గ్యాంగులో పనిచేసి, అంతకుముందు ఏడాది కామెర్లతో చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఒకతి ఏడో తరగతి, ఇంకొకతి నాలుగో తరగతి. భర్త ఉద్యోగం బదులు ఆమెకి ఏదో ఒక పని ఇస్తారని కాగితాలు నడుస్తున్నాయి.

జుట్టుముడి ఊడిపోయింది. కనుగుడ్లు పైకి పోయాయి. పళ్ల మధ్య వేపరొబ్బ. మెడ నరాలు తాళ్లలా బిగిశాయి. ముత్తయిదువలు బిందెలతో పసుపునీళ్లు తెచ్చి ఆమె పాదాల మీద పోస్తున్నారు. నేను నాలుగడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని పది పన్నెండు ఫొటోలు తీశాను. వెలుతురు పక్కనుంచి పడుతోంది. మంచి ఫొటో దొరికిందని చేతికి తెలిసిపోయింది. మబ్బు కమ్ముతుంటే వెలుతురు పోతుందని, ఘటం వెళ్లే దారిలో ముందుకి పరిగెత్తాను.

ఇంటికొచ్చి ఒకటి ఎంచాను. మొహం నిండా ఉన్నది. అలవాటు ప్రకారం నా పేరు మధ్యలో వేశాను. చెవి నుంచి చెవిదాకా, ముక్కు మీదుగా. కింద హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాను: "ఇది దేవత కాదు, మూర్ఛరోగం. వైద్యం చేయించాల్సిన మనిషికి హారతి ఇస్తున్నారు." వారంలో ఆ ఫొటో కింద ఎవరెవరో ఎన్నో మెచ్చుకోళ్లు రాశారు. ధైర్యంగా రాశావన్నారు. నేను ఆ మాటని రెండుసార్లు చదువుకున్నాను.

వానలు పడ్డాక ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. తడిసిన గొడుగు మూసి గోడకి ఆనించి, జాకెట్టులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నా ఫొటో జిరాక్సు. నలుపు తెలుపుల్లో ఆమె మొహం సగం మసి అయిపోయింది. నా పేరు మాత్రం తెల్లగా, స్పష్టంగా ఉంది.

"నా మొకం మీద నీ పేరేటి అన్నియ్యా?" అంది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కాగితం లాక్కుని చూసి, ఆమెని లోపలికి రమ్మంది. ఆమె రాలేదు. సంగతి గడప దగ్గరే చెప్పింది. ఆమెకి లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పని ఖాయమైంది. చేరేముందు వైద్య పరీక్ష. గేటు వేసేవాళ్లకి మూర్ఛ ఉండకూడదు. ఈ ఆడమనిషికి మూర్ఛ ఉంది, గేటు అప్పగిస్తే జనం చస్తారు అని ఎవరో ఒక అర్జీ పంపి, దానికి నా ఫొటోని, నా రాతని అతికించారు. అర్జీ కింద పేరు లేదు.

"ఎవులు పంపినారో నాకొద్దు" అంది. "పని రాపోతే క్వార్టరు కాళీ సెయ్యాల. గేటు కాడయితే ఇల్లిస్తారు. అక్కడ ఎవుల ఎదురూ ఎల్లక్కర్నేదు వదినా. రైలొస్తే గేటెయ్యాల, పోతే తియ్యాల. అంతే. నాకు అదే కావాల. అన్నియ్యా, నువ్వు డాక్టరు కాడికొచ్చి మూర్ఛ కాదని సెప్పు."

"ఏమని చెప్పను?"

"ఉన్నదే సెప్పు. అమ్మవారొచ్చిందని సెప్పు."

"అది నేను చెప్పలేనమ్మా. నేను నమ్మనిది ఎలా చెప్పను?"

"అచ్ఛా! మూర్ఛని నమ్మినావా మరి?"

ఆ మాట ముల్లులా దిగింది. కానీ నేను ఊరుకోకుండా దారి వెతికాను. వాదించేవాడికి అదో జబ్బు, మూసిన గదిలో కూడా తలుపు ఉందని చూపించబోతాడు. "పోనీ, డప్పుల మధ్య, అందరూ చూస్తున్నారని కాస్త ఊగావని, అంతేనని చెప్తాను. జబ్బూ కాదు, దేవతా కాదు. చిన్న నటన. దానికి ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. "నాను ఏసం కట్టినానా? మొగుడు పోయిన ఏడు తిరక్కుండా, అమ్మవారి ముందర, నా పిల్లలు సూస్తుండగా ఏసం కట్టినానని సెప్తావా? అలగైతే ఒగ్గీ. నాకు గేటూ వొద్దు ఏటీ వొద్దు." గొడుగు విప్పకుండానే వానలోకి దిగింది.

మా ఆవిడ అన్నం పెట్టింది. నేను తింటుంటే అంది: "ఏడాది పొడుగునా అది ఎదురొస్తే ప్రయాణం ఆపుకుని వెనక్కి తిరిగే ఆడోళ్లు, ఆవేళ దాని కాళ్లు కడిగారు. విధవ పాదాలు ముత్తయిదువలు కడగాలని మీ సభలో ఎన్నేళ్లు అరిచారు? కళ్ల ముందర జరిగితే మీకు జబ్బు కనిపించింది."

"ఊరుకో. నేను దాన్ని చూడలేదనుకున్నావా?"

"చూశారేటి? ఫొటో తీశారు."

మర్నాడు ఆ ఫొటోని సైటులోంచి తీసేశాను. లాభం లేకపోయింది. అది అప్పటికే పది చోట్ల ఉంది. ఫోన్లలో ఉంది, ఎవరో హిందీలో నడిపే పేజీలో ఉంది. ప్రతిచోటా నా పేరుతోనే ఉంది. పేరు చెరపలేని విధంగా వేసింది నేనే కదా! పేరు లేకపోయి ఉంటే నాకెందుకులే అని పక్కకి జరిగేవాణ్ణేమో. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. కానీ వచ్చింది. రాత్రీ పగలూ వచ్చింది. అమ్మవారు అంటే నా జీవితం అబద్ధం. మూర్ఛ అంటే ఆమె బతుకు పోతుంది. నటన అంటే ఆమె పరువు పోతుంది. ఏ వైపు తిరిగినా గోడే. ఆ గోడలన్నీ నేను కట్టుకున్నవే. నక్షా కూడా నాదే.

ఇంజనీరుకి ఫోన్ చేశాను. అతను ఎగతాళి చెయ్యలేదు. "డాక్టరు దగ్గరికి పొండి సార్. ఏం చెప్పాలో ఆలోచించుకోకుండా పొండి. ఆలోచిస్తే మీరు ఉపన్యాసం తయారుచేస్తరు" అన్నాడు.

ఆ కేసు చూస్తున్న డాక్టరు నడివయసు మనిషి, హిందీ ఆయన. మర్యాదగా కుర్చీ చూపించాడు. ఫైల్లోంచి నా ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. మా సంభాషణంతా హిందీలోనే.

"ఇది మీ పేరేనా?"

"నాదే."

"మీరు డాక్టరా?"

"కాదు."

"ఆమె నాలుక కొరుక్కుందా?"

"చూడలేదు."

"ఎంతసేపు ఉంది అలా?"

"తెలియదు. రెండు మూడు నిమిషాలు నేను అక్కడున్నాను."

"తర్వాత స్పృహ ఎలా వచ్చింది? నిద్రపోయిందా? పిలిస్తే పలికిందా?"

"నేను వెళ్లిపోయాను."

"ఎందుకు?"

"వెలుతురు పోతోందని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరులేని అర్జీలు మాకు వస్తూనే ఉంటాయి. వాటికి మేం విలువ ఇవ్వం. కానీ దీనికి పేరున్న సాక్ష్యం తోడుగా ఉంది. చదువుకున్నవాడు, ఇరవై అయిదేళ్ల సర్వీసు ఉన్నవాడు, కళ్లారా చూసి పేరు పెట్టి చెప్పాడు. నేను పక్కన పెట్టలేను కదా?"

పేరు పెట్టనివాడి కాగితానికి నా పేరు బలమిచ్చింది. మా నాన్న ఉంటే ఏమనేవాడో నేను ఊహించుకోదలచలేదు.

"మీరు రాసింది వెనక్కి తీసుకుంటారా?" అన్నాడు. అక్కడే కాగితం తీసుకుని రాశాను. అది మూర్ఛ కాదని, సమాజం అణిచిపెట్టిన ఆడమనిషి మనసు డప్పుల లయలో బయటపడే ఒక స్థితి అని అరపేజీ రాశాను. ఆయన చదివి తిరిగి ఇచ్చాడు. "ఇది కూడా రోగనిర్ణయమే. మీకు తెలిసింది మాత్రం రాయండి."

నాకు తెలిసింది ఏమిటి? దాని గురించి ఆలోచిస్తూ ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో. ఫ్యాను తిరుగుతోంది. బయట బెంచీ మీద ఆమె పెద్దకూతురి పక్కన కూర్చుని ఉంది. తలుపు సందులోంచి ఆమె చెప్పులు కనిపిస్తున్నాయి. చివరికి రెండు వాక్యాలు రాశాను: "ఆ రోజు ఆమెకి ఏమైందో నాకు తెలియదు. తెలియకుండా మూర్ఛ అని రాశాను." కింద పేరు, సంతకం. జీవితంలో నేను రాసిన వాటిలో అతి చిన్నది అదే. దాని కోసం చెమట పట్టింది.

వచ్చిన ఆదివారం అదే కాగితం సభలో చదివాను. దాచుకుని తిరగడం చేతకాక. గుడి కమిటీలో ఉండే పెద్దాయన ఒకరు, నాన్న కాలం నుంచి మాకు ప్రతిపక్షం, కర్ర ఊపుతూ అడిగారు: "అయితే ఏటంటావురా? అమ్మోరేనని ఒప్పుకున్నట్టేనా?"

"తెలియదన్నాను."

"మీ నాన్నెప్పుడైనా తెలీదన్నాడేట్రా? తెలీదన్నోడు గుడి మెట్టెక్కీసినట్టే. రేపు కొబ్బరికాయ అట్టుకొచ్చీ!"

గది పగిలేలా నవ్వారు. నాకు ముప్పావుగంట ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. తెలియదనడం నాస్తికుడి ఓటమి కాదు, హేతువాదికి అది మొదటి మెట్టు అని ఇప్పుడు రాయగలను. ఆవేళ అనలేకపోయాను. అంటే మళ్లీ ఆమె సంగతి పోయి నా గెలుపు సంగతి అవుతుంది.

నా రెండు వాక్యాలు ఫైల్లో చేరాయి. కానీ ముందు రాసిన రెండు వాక్యాలు ఫైల్లోంచి పోలేదు. ఒకసారి ఎక్కిన అనుమానాన్ని తేల్చాల్సిందేనని డాక్టరు అన్నాడు. అందులో ఆయన తప్పు లేదు. తలకి తీగలు పెట్టి పరీక్ష చేశారు. ఆసుపత్రిలో ఉంచి చూశారు. ఆ రోజుల్లో పిల్లలిద్దరూ మా ఇంట్లో అన్నం తిన్నారు. పెద్దది నాతో మాట్లాడేది కాదు, చిన్నది కెమెరా ఏదని అడిగేది. ఆమెకి జబ్బేమీ కనబడలేదు. కాగితం మీద అలాగే రాశారు. అయితే అప్పటికి గేటు వేరేవాళ్లకి వెళ్లింది. రైళ్ల రాకపోకలతో సంబంధం లేని పని ఇస్తామన్నారు. చలికాలానికి ఉత్తర్వు వచ్చింది. మా డ్రాయింగ్ ఆఫీసులోనే, నక్షాల చుట్టలు మోసే పని.

క్వార్టరు నిలిచింది. అందుకు నేను సంతోషించాను. ఆమె కూడా సంతోషించే ఉంటుంది. కానీ ఎవరి ఎదురూ పడక్కర్లేని గేటు అడిగిన మనిషి, రోజూ నలభై మంది మధ్య తిరగాల్సి వచ్చింది. అందులో సగంమంది ఫోన్లలో ఆ ఫొటో ఉంది. రోజూ పదిన్నరకి నా బల్ల దగ్గరికి వచ్చి చుట్టలు పెట్టేది. "సార్, ఇవి రెండో గదిలోయి" అనేది. అన్నియ్యా అనడం మానేసింది. నేను తల వంచుకుని గీతలు గీసేవాణ్ణి. ఆమె వెళ్లేదాకా పెన్సిలు ఒకే గీత మీద తిరుగుతుండేది.

ఈమధ్య కెమెరాలు కొన్న కుర్రాళ్లు అడుగుతుంటారు, ఫొటో మీద పేరు వెయ్యాలా వద్దా అని. ఇప్పటికీ వెయ్యాలనే అంటాను. ఇంజనీరు నవ్వినా సరే, నా అభిప్రాయం మారలేదు. పేరు లేకుండా ఉంటే ఆ జిరాక్సు పట్టుకుని ఆమె ఎవరి గడప తొక్కేది? ఎవణ్ణి నిలదీసేది? కానీ నదికి, వంతెనకి వేసినట్టు మనిషికి వెయ్యకండి. ఫొటోలో మనిషి మొహం ఉంటే ముందు ఆ మనిషిని అడగండి. అడిగే ధైర్యం లేకపోతే ఆ ఫొటో పెట్టకండి. నాకు అడగాలని తోచనైనా తోచలేదు. అడిగి ఉంటే ఆమె ఏమనేదో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఇక ఫొటో కింద నేను రాసిన మాటకైతే ఆమె అనుమతి కూడా చాలదు, అది నిజమని నాకు తెలిసి ఉండాలి. గీసినవాడి గడి నింపి, సరిచూసినవాడి గడి కూడా నేనే నింపేసుకున్నాను.

మరుసటి వేసవికి పండగ మళ్లీ వచ్చింది. నేను కెమెరా లేకుండా వెళ్లాను. మా ఆవిడ రమ్మంది, వెళ్లాను. గుడి ముందు జనం విపరీతంగా ఉన్నారు. ఆ ఏడు ఫోన్లు ఎక్కువయ్యాయి. చేతులన్నీ గాలిలో ఉన్నాయి.

ఆమె పిల్లలిద్దరినీ చెరోవైపు పెట్టుకుని, పట్టాల వైపు ఉన్న ఇనుప కంచె పక్కన నిలబడింది. డప్పులు దగ్గరికి వచ్చాయి. ఆమె భుజాలు ఒక్కసారి వణికాయి. నాకు కనిపించింది. పక్కనున్న ఆడవాళ్లకి కూడా కనిపించింది. ఒకామె గభాలున పసుపునీళ్ల బిందె ఎత్తుకొచ్చింది. ఇంకొకామె ఆమె జుట్టుముడి విప్పబోయింది. "రా తల్లీ, రా" అంటున్నారు. ఆమె వెనక్కి జరిగి, రెండు చేతులతో కంచె కడ్డీ పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. పెదవి కొరుక్కుంది. ఎదురుగా ఎవరో ఫొటో తియ్యడానికి ఫోన్ పైకెత్తారు.

"మైఁ ఠీక్ హూఁ" అంది గట్టిగా. తెలుగువాళ్ల మధ్య, అమ్మవారి ముందు, హిందీలో. నేను బాగానే ఉన్నానని ఆసుపత్రిలో చెప్పిన భాషలో. "కుఛ్ నహీఁ హువా. ఠీక్ హూఁ మైఁ."

బిందె పట్టుకున్నామె కాసేపు చూసి, నీళ్లు పొయ్యకుండానే పక్కకి వెళ్లిపోయింది. ఘటం ముందుకి సాగింది. జనం దాని వెంట కదిలారు. ఒక్కరూ ఆమె వైపు తిరిగి చూడలేదు.

పూనకాలు మానండని ముప్పై ఏళ్లు అరిచాను. నా మాట విని మానినవాళ్లు ఎవరూ లేరు. మానిన మనిషి ఒకతి నా ఎదురుగా ఉంది. డప్పు చప్పుడు లాల్‌ఖదాన్ మలుపు తిరిగి సన్నగా అయిపోయాక కూడా కడ్డీ వదల్లేదు. చిన్నపిల్ల ఆమె చెంగు లాగుతూ ఇంటికెళ్దామంటోంది. నేను పదడుగుల దూరంలో నిలబడ్డాను. ఇక వదిలెయ్యమ్మా అనాలనిపించింది. ఆ మాట చెప్పడానికి నేనెవర్ని? మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే కడ్డీ మీంచి విప్పింది.